గిటారు చెప్పిన కథలు

బాలలారా! మన భూమికి 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన, గ్రహాలన్నిటినీ దాటిపోయిన చీకట్లో, ఒక పాట ప్రయాణం చేస్తూ వున్నది. అక్కడినుంచి రేడియో తరంగం మనను చేరటానికి 22 గంటలకు పైగా పడుతుంది. ఆ పాట పాడినవాడు అమెరికా దేశపు నల్లజాతి గాయకుడు. కొంతకాలం మోటారు కార్ఖానాలో పని చేశాడు, క్షౌరవిద్య కూడా నేర్చాడు. ఆయన తల్లి బడి ప్రధానోపాధ్యాయిని. గాయకుడి పేరు చక్ బెర్రీ. పాట పేరు "జానీ బి. గుడ్". అది వెలువడిన సంవత్సరం 1958.

ఇట్లాంటి పాటలను రాక్ పాటలు అంటారు. నిఘంటువు చూస్తే "రాక్" అంటే రాయి అని వుంటుంది. ఇక్కడ ఆ అర్థం పనికిరాదు. ఉయ్యాలను ఊపటాన్ని కూడా ఇంగ్లీషులో అదే మాటతో చెబుతారు. వినేవాడి ఒళ్ళు తాళానికి తగ్గట్టు ఊగుతుంది గనక ఆ పేరు వచ్చింది. 1950 తరవాత అమెరికాలో ఈ పాటలు వ్యాపించాయి. అక్కడి నల్లజాతివారు పొలాల్లోనూ, ప్రార్థన మందిరాల్లోనూ పాడుకునే పాటలు వీటికి తల్లివేరు. అక్కడినుంచి ఇంగ్లండుకు పోయి, కొత్త కొమ్మలు వేసి, ప్రపంచమంతా పాకాయి.

వీటిని వినగానే "ఏమిటీ గోల!" అని చెవులు మూసుకునే పెద్దలు చాలామంది వున్నారు. "ఇవి మా తాతలనాటి పాటలు, మాకెందుకు?" అనే పిల్లలు కూడా వున్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. గోలకూ పాటకూ తేడా ఏమిటో తెలుసుకోవాలంటే ముందు వినాలి, తరవాత ఆ పాట ఎట్లా తయారయిందో అడగాలి. నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. లెక్కలూ, భౌతికశాస్త్రమూ, చరిత్రా ఒకే చోట దొరికే పాఠం ఎక్కడ కనిపించినా వదలబుద్ధి కాదు. నాకు ఎంతో ఇష్టమైన అయిదు రాక్ పాటలను మీకు పరిచయం చేస్తాను.

మొదటిది: ఆకాశానికి పోయిన పాట

"జానీ బి. గుడ్" ఒక పల్లెటూరి కుర్రవాడి కథ. చదువు అంతంత మాత్రమే, కాని గిటారు పడితే మాత్రం వాడికి సాటి లేదు. వాడు ఏనాటికైనా గొప్పవాడవుతాడని తల్లి నమ్మకం. ఇంతే కథ. చక్ బెర్రీ సెంట్ లూయీ నగరంలో పుట్టిన వీధి పేరు గుడ్ ఎవెన్యూ. ఆ పేరునే కథానాయకుడికి పెట్టాడు.

ఈ పాట రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో తెల్లవారికీ నల్లవారికీ బడులు వేరు, హోటళ్ళు వేరు, బస్సులలో కూర్చునే చోట్లు వేరు. నల్లజాతి గాయకుడి పాటకు చప్పట్లు కొట్టిన వూళ్ళోనే అతనికి అన్నం పెట్టే హోటలు దొరకకపోవటం మామూలు. అటువంటి కాలంలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే రికార్డు కొని, ఒకే పాటకు గంతులు వేశారు. చట్టం మారటానికి 1964 దాకా పట్టింది. కాని పిల్లల చెవులు అంతకు ముందే మారాయి.

1977లో అమెరికావారు వాయేజరు అనే రెండు వ్యోమనౌకలను గ్రహాల పరిశీలనకు పంపారు. వాటిలో ఒక నౌక సెప్టెంబరు 5న, అంటే మన ఉపాధ్యాయ దినోత్సవంనాడు, బయలుదేరింది. ఎప్పటికైనా ఎక్కడైనా ఇతర జీవులకు దొరికితే మన సంగతి తెలియటానికి, ప్రతి నౌకలోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒకటి పెట్టారు. అందులో ఏముండాలో నిర్ణయించిన సంఘానికి కార్ల్ సేగన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అధ్యక్షుడు. 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో మన తెలుగు పలకరింపు కూడా వున్నది. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి వున్నది. రాక్ పాటల తరఫున "జానీ బి. గుడ్" వున్నది. అంటే మన తెలుగుమాటా, చక్ బెర్రీ గిటారూ ఒకే పళ్ళెంలో కూర్చుని నక్షత్రాల మధ్యకు పోతున్నాయన్నమాట! ఆ పాట ఇప్పుడు అక్కడ మోగుతూ వుంటుందనుకునేరు. గాలి లేనిచోట శబ్దం పుట్టదు. అది రికార్డు గాడిలో నిద్రపోతూ వున్నది.

ఇక ఆ గిటారు సంగతి. మామూలు గిటారుకు బోలుగా వున్న కొయ్యపెట్టె వుంటుంది. తీగె కంపిస్తే పెట్టెలోని గాలి కంపించి శబ్దం పెద్దదవుతుంది. మన వీణ కుండలాగానే. కాని బాకాలూ డోళ్ళూ మోగే పెద్ద మేళంలో ఆ శబ్దం వినిపించదు. అందుకని 1930 తరవాత విద్యుత్ గిటారును తయారు చేశారు. దీని తీగెల కింద అయస్కాంతాలు వుంటాయి. వాటిచుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగెను కొన్ని వేల చుట్లు చుడతారు. ఉక్కు తీగె కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కూడా కదులుతుంది. అయస్కాంత క్షేత్రం మారితే దగ్గరి తీగెచుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే కనిపెట్టాడు. అట్లా పుట్టిన చిన్న విద్యుత్తును యంత్రం పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. స్పీకరు దాన్ని మళ్ళీ శబ్దంగా మారుస్తుంది.

ఇక్కడ మీకో ప్రశ్న. ఈ గిటారుకు ఉక్కు తీగెలు తీసేసి నైలాను తీగెలు కడితే ఏమవుతుంది? ఆలోచించండి. జవాబు చివర చెబుతాను.

రెండోది: ఎండ కాసిన పాట

ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణంలో నలుగురు కుర్రవాళ్ళు కలిసి "బీటిల్స్" అనే మేళం పెట్టారు. అందులో చిన్నవాడు జార్జి హారిసన్. ఇతని తండ్రి బస్సు నడిపేవాడు. 1965లో ఒక సినిమా తీస్తున్నప్పుడు హారిసన్‌కు మన సితారు కంటబడింది. లండనులో ఒకటి కొనుక్కొని, ఇంకా సరిగా చేతకాకుండానే ఆ ఏడే "నార్వీజియన్ వుడ్" అనే పాటలో వాయించాడు. పశ్చిమ దేశాల కుర్రకారు సితారు అంటే చెవి కోసుకోవటం అప్పటినుంచి మొదలయింది.

సితారులో ఒక విచిత్రమున్నది. చేత్తో మీటే తీగెల కింద మరికొన్ని సన్నని తీగెలు వుంటాయి. వాటిని ఎవరూ మీటనక్కరలేదు. పై తీగె నుంచి తమ స్వరం వచ్చినప్పుడు అవి వాటంతట అవే కంపిస్తాయి. దీన్ని అనునాదం అంటారు. ఉయ్యాల వూగే వేగాన్ని బట్టి సరిగా తోస్తే చిన్న తోపుకే అది ఎత్తుకు లేవటం మీకు తెలుసు గదా, ఇదీ అంతే.

హారిసన్ తనకు వచ్చిన కాస్తతో తృప్తిపడలేదు. 1966లో పండిట్ రవిశంకర్‌ను ఆశ్రయించి, మన దేశానికి వచ్చి, నేలమీద కూర్చుని స ప లు మొదలుపెట్టి నేర్చుకున్నాడు. అప్పటికే అతడు ప్రపంచ ప్రసిద్ధుడు. అయినా మళ్ళీ ఓనమాలు దిద్దటానికి సిగ్గుపడలేదు. ఈ ఒక్క గుణానికే నాకు అతనంటే గౌరవం.

నాకు ఇష్టమైన పాట మటుకు అతడు 1969లో రాసిన "హియర్ కమ్స్ ది సన్". ఇంగ్లండులో చలికాలం నెలల తరబడి వుంటుంది. సూర్యుడు కనిపించటమే పండుగ. ఆ వసంతకాలంలో ఒకనాడు హారిసన్, లెక్కలూ పత్రాలూ చూడవలసిన ఆఫీసుకు ఎగనామం పెట్టి, మిత్రుడు ఎరిక్ క్లాప్టన్ తోటలో గిటారు పట్టుకుని తిరుగుతూ ఈ పాట కట్టాడు. (పిల్లలూ, బడి ఎగ్గొట్టటానికి దీన్ని సాకుగా చెబితే నేను ఒప్పుకోను!) తెల్లవారి కిటికీ తెరిచినప్పుడు ఎండ గదిలోకి వచ్చినట్టు వుంటుంది ఆ గిటారు.

ఈ పాటకు మరొక చరిత్ర వున్నది. 1970 నవంబరులో తూర్పు బెంగాలును భయంకరమైన తుఫాను ముంచెత్తింది. లక్షలమంది చనిపోయారు. మరుసటి ఏడు అక్కడ యుద్ధం వచ్చింది. కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. రవిశంకర్ బెంగాలీ. ఆయన మనసు కలత చెంది, ఏమైనా చెయ్యాలని శిష్యుణ్ణి అడిగాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్కు నగరంలో ఒకేరోజు రెండు కచేరీలు జరిగాయి. 40,000 మంది విన్నారు. ముందు రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోదు, అల్లారఖా తబలా. తరవాత హారిసనూ, అతని మిత్రులూ. ఆనాడు "హియర్ కమ్స్ ది సన్" కూడా పాడారు. ఆ రెండు కచేరీల వల్ల 2,43,000 డాలర్లకు పైగా వచ్చి, ఐక్యరాజ్యసమితి బాలల నిధికి చేరింది.

దీని రికార్డు మీద వచ్చిన పెద్ద సొమ్ము మాత్రం ఏళ్ళ తరబడి పన్నుల చిక్కుల్లో ఇరుక్కుపోయింది. ముందుగా రాయవలసిన దరఖాస్తు రాయకపోవటమే కారణం. మంచి మనసుతో చేసిన పనికైనా కాగితాలు సరిగా వుండాలి. ఇది పాటలో లేని పాఠం.

మూడోది: గట్టు తెగిన పాట

అమెరికాలో మిసిసిపీ పెద్ద నది. వరద రాకుండా దాని ఒడ్డున మట్టి గట్లు పోశారు. 1927 ఏప్రిలులో ఆ గట్లు తెగాయి. 70,000 చదరపు కిలోమీటర్ల నేల మునిగింది. ఆరు లక్షలమందికి పైగా ఇళ్ళు వదిలిపోయారు. వారిలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. తుపాకుల కాపలా మధ్య గట్ల మీద ఇసుక బస్తాలు మోసినవారూ వారే.

రెండేళ్ళ తరవాత, 1929లో, మెంఫిస్ మిన్నీ అనే గాయనీ, ఆమె భర్త కాన్సస్ జో మెకాయ్ కలిసి, రెండు గిటార్లతో ఒక పాట రికార్డు చేశారు. పేరు "వెన్ ది లెవీ బ్రేక్స్", అంటే గట్టు తెగినప్పుడు అని. కృష్ణాగోదావరి తీరాల వారికి ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. గట్టుకు గండి పడిందన్న కేక విని రాత్రికి రాత్రి పిల్లలను భుజాన వేసుకుని పోయిన తాతమ్మలు మన వూళ్ళలోనూ వున్నారు.

నలభై ఏళ్ళు గడిచాయి. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు మేళంవారు ఈ పాటను కొత్తగా కట్టి 1971లో విడుదల చేశారు. మెంఫిస్ మిన్నీ పేరును కూడా రచయితల పేర్లలో చేర్చారు. ఎవరి వేలు పట్టుకుని నడక నేర్చామో వారి పేరు చెప్పటం ధర్మం. అప్పటి రాక్ మేళాలన్నీ ఈ ధర్మం పాటించాయని చెప్పలేము.

ఈ పాటలోని డోలు విన్నవాడు మరిచిపోడు. నిజంగా నీరు గట్టును గుద్దుతున్నట్టు వుంటుంది. అంత శబ్దం ఎట్లా వచ్చింది? హెడ్లీ గ్రేంజి అనే పాత భవనంలో ఈ పాట తయారయింది. 18వ శతాబ్దం చివర బీదల కోసం కట్టిన ఇల్లు అది. జాన్ బోనమ్ అనే డోలు కళాకారుణ్ణి మెట్లదారి అడుగున కూర్చోబెట్టి, పైఅంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీశారు. డోలు దెబ్బ నేరుగా మైకును చేరుతుంది. అదే దెబ్బ గోడలకూ మెట్లకూ కొట్టుకుని, ఇంకాస్త ఆలస్యంగా మళ్ళీ చేరుతుంది. ఇట్లా వందల ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి శబ్దానికి బరువు వస్తుంది. దిగుడుబావిలోకి వంగి మీ పేరు పిలిచి చూడండి (పెద్దవాళ్ళు పక్కన వున్నప్పుడే సుమా!). మీ గొంతు మీకే గంభీరంగా వినిపిస్తుంది. పాతకాలపు గుడి మంటపంలో నాదస్వరం అంత నిండుగా వుండటానికి కూడా రాతిగోడలే కారణం.

నాలుగోది: డబ్బులు లెక్కపెట్టే పాట

పింక్ ఫ్లాయిడ్ అనేది మరొక ఇంగ్లీషు మేళం. 1973లో వీరి రికార్డు ఒకటి వచ్చింది. "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" దాని పేరు. చంద్రుడి చీకటి వైపు అని అర్థం. (చంద్రుడి అవతలి వైపు మనకు కనబడదు గాని, అక్కడా పగలూ రాత్రీ వస్తాయి. ఇది గుర్తుంచుకోండి.) 1973కూ 1988కీ మధ్య అమెరికాలో బాగా అమ్ముడయ్యే రికార్డుల పట్టికలో ఇది 741 వారాలు నిలిచింది.

అందులో "మనీ" అనే పాట డబ్బు మీది దురాశను వెక్కిరిస్తుంది. పాట మొదలు కాగానే నాణేలు గలగలమంటాయి, కాగితం చిరుగుతుంది, దుకాణంలోని డబ్బుపెట్టె గంట కొడుతుంది. ఇవన్నీ తాళం తప్పకుండా వస్తాయి. ఈ రోజుల్లో అయితే కంప్యూటరు మీద నిమిషంలో చేస్తారు. అప్పుడు ఆ సౌకర్యం లేదు. ఒక్కొక్క శబ్దాన్ని అయస్కాంత టేపు మీద ఎక్కించి, స్కేలుతో కొలిచి, బ్లేడుతో సమానమైన ముక్కలు కోసి, వరసగా అతికించి, కొసలు కలిపి దండ చేశారు. ఆ దండ యంత్రంలో తిరుగుతూ వుంటే శబ్దాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

లెక్క చేసి చూడండి. టేపు సెకనుకు 15 అంగుళాల చొప్పున నడుస్తుందనుకుందాం. తాళంలో ఒక దెబ్బకు అర సెకను అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క ముక్క పొడుగు ఎంత? ఏడున్నర అంగుళాలు. ఏడు ముక్కలకు 52½ అంగుళాలు. కాలాన్ని స్కేలుతో కొలవవచ్చునని మీరెప్పుడైనా అనుకున్నారా?

ఏడు ముక్కలనే ఎందుకన్నానంటే, ఈ పాట తాళం ఏడు. పాశ్చాత్యుల పాటలు సాధారణంగా నాలుగు దెబ్బల తాళంలో నడుస్తాయి. ఏడు లెక్కకు వాళ్ళ చెవులు అలవాటు పడలేదు, అందుకే ఈ పాట వారికి వింత. మన సంగీతం నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇది చిరకాల మిత్రుడు. "తకిట తకధిమి" అని వేళ్ళ మీద లెక్కపెట్టండి: మూడూ నాలుగూ ఏడు. ఇది మన మిశ్రచాపు తాళపు లెక్క. "మనీ" వింటూ ఈ జతులు చెప్పి చూడండి, సరిగ్గా కలుస్తాయి. మధ్యలో గిటారు ఒంటరిగా మోగేటప్పుడు తాళం నాలుగుకు మారుతుంది. ఎక్కడ మారిందో పట్టుకున్నవారికి నా మెచ్చుకోలు.

అయిదోది: ఇరవై కాళ్ళు వెయ్యి కాళ్ళయిన పాట

క్వీన్ అనే మేళంలో ముఖ్య గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. అసలు పేరు ఫరూఖ్ బల్సారా. పార్సీ కుటుంబంవాడు. 1946లో జాంజిబారులో పుట్టి, మన దేశంలో పంచగనిలో హాస్టలులో వుండి చదువుకున్నాడు. పియానో నేర్చిందీ, మొదటి మేళం కట్టిందీ కూడా ఆ బడిలోనే.

నేను చెప్పబోయే పాట "వుయ్ విల్ రాక్ యూ", 1977లో వచ్చింది. రాసినవాడు అదే మేళంలో గిటారు వాయించే బ్రయన్ మే. ఒక కచేరీలో జనమంతా తమతో కలిసి పాడటం చూసి, ఇరుకుగా నిలబడిన జనం ఏ వాయిద్యం వాయించగలరా అని అతడు ఆలోచించాడు. కాళ్ళున్నాయి, చేతులున్నాయి. రెండుసార్లు కాలు తాటించి ఒక చప్పట కొట్టాలి. ధన్-ధన్-టప్! పాటంతా ఇదే తాళం. డోలు లేదు. గిటారు చివర మాత్రమే వస్తుంది.

లండనులో ఒక పాత చర్చిని రికార్డింగు శాలగా మార్చారు. అక్కడ దొరికిన చెక్కల మీద కొద్దిమంది మనుషులు కాళ్ళు తాటించారు. ఆ కొద్దిమంది వెయ్యిమందిలా వినిపించాలి. ఎట్లా? మైదానంలో నిజంగా వెయ్యిమంది వుంటే, దగ్గరివారి చప్పుడు ముందు వస్తుంది, దూరంవారిది వెనక వస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరాన వున్నవాడి చప్పట సెకనులో పదోవంతు ఆలస్యంగా మీ చెవిన పడుతుంది. కాబట్టి ఒకే శబ్దాన్ని కాస్త కాస్త ఆలస్యంగా మళ్ళీ మళ్ళీ వినిపిస్తే గుంపు తయారవుతుంది.

కాని ఇందులో ఒక చిక్కున్నది. ఆలస్యాలు 10, 20, 30, 40 అని సమంగా వుంటే చెవి మోసపోదు, ఇది ప్రతిధ్వని అని గుర్తుపడుతుంది. అందుకని బ్రయన్ మే ఆలస్యాలను ప్రధాన సంఖ్యల లెక్కలో పెట్టాడు. 2, 3, 5, 7, 11, 13... వీటిని ఒకటీ, తమ సంఖ్యా తప్ప మరేదీ భాగించదు గదా. వీటి మధ్య ఎడాలు ఒక క్రమంలో వుండవు. ఒకటి మరొకదానితో జత కలవదు. అందువల్ల ప్రతిధ్వని పోయి, పెద్ద గుంపు నిలబడింది. ప్రధాన సంఖ్యలు పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరావనుకునేవారు ఈ పాటను ఒకసారి వినాలి.

ఈ బ్రయన్ మే సామాన్యుడు కాడు. 1963లో, పదహారేళ్ళ వయసులో, గిటారు కొనటానికి డబ్బు లేక తండ్రితో కలిసి ఇంట్లోనే ఒకటి చెయ్యటం మొదలుపెట్టాడు. మెడకు పాత చలిమంట గూటి చట్రం కొయ్య, లోపలికి మోటారు సైకిలు స్ప్రింగులు, గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు! పూర్తి కావటానికి సుమారు రెండేళ్ళు పట్టింది. తరవాత లోకమంతా విన్నది ఆ గిటారునే. ఖగోళ శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి, మేళం కోసం మధ్యలో వదిలి, ముప్పయ్యేళ్ళకు పైగా గడిచాక మళ్ళీ పుస్తకాలు తీసి, 2007లో డాక్టరేటు పట్టం పొందాడు. సౌరకుటుంబంలో గ్రహాల మధ్య తేలే ధూళి ఎట్లా కదులుతుందో అతని పరిశోధన విషయం. ఆగిపోయిన చదువు అక్కడే ఆగి వుండనక్కరలేదని తల్లిదండ్రులు కూడా గమనించాలి.

చెవులు జాగ్రత్త!

ఇంతవరకూ సంతోషంగా చెప్పాను. ఇప్పుడు కాస్త కఠినంగా చెబుతాను. రాక్ పాటల వల్ల నిజంగా వచ్చే ప్రమాదం ఒకటున్నది. అది తాళంలో లేదు, గట్టిదనంలో వున్నది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం వుంది. అందులో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 వుంటాయి. పెద్ద శబ్దం వాటిని వంచేస్తుంది. మరీ ఎక్కువైతే చంపేస్తుంది. వెంట్రుక తెగితే మళ్ళీ మొలుస్తుంది. ఈ కణం పోతే మనిషికి మళ్ళీ రాదు.

శబ్దపు గట్టిదనాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని ఒక లెక్క. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్‌లకూ కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ఇట్లా పోతే 100 డెసిబెల్‌లకు పావుగంట మాత్రమే! చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు పూర్తిగా పెంచితే 100 దాటగలవు. ప్రపంచంలో 100 కోట్లకు పైగా యువతీ యువకుల వినికిడి ఈ అలవాటు వల్ల ప్రమాదంలో వున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

"ది హూ" అనే మేళంలో గిటారు వాయించిన పీట్ టౌన్‌షెండ్ గొప్ప సంగీతకారుడు. తన వినికిడి దెబ్బ తిన్నదనీ, రికార్డింగు శాలలో హెడ్‌ఫోన్లతో ఏళ్ళ తరబడి గట్టిగా విన్నందువల్ల అట్లా జరిగిందనీ ఆయనే లోకానికి చెప్పాడు. పాటలు కట్టినవాడికే పాట సరిగా వినపడకపోతే ఎంత బాధ!

కాబట్టి ఇయర్‌ఫోన్ల శబ్దాన్ని సగం దాటనివ్వకండి. పక్కనివారు మామూలుగా పిలిస్తే మీకు వినపడాలి. పాట అయిన తరవాత చెవుల్లో గుయ్‌మంటూ వుంటే, అది చెవి పెట్టే మొర అని తెలుసుకోండి. తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడి చెవిలోంచి వాటిని లాగి పారెయ్యకండి. పక్కన కూర్చుని, "ఏదీ, నాకూ వినిపించు" అనండి. రాక్ పాటలన్నీ పిల్లలకు తగినవి కావు, కొన్నిటిలో మాటలు బాగుండవు. ఏది తగినదో చెప్పాలంటే మీరూ వినాలి గదా.

నైలాను తీగెల ప్రశ్నకు జవాబు: స్పీకరులో ఏమీ వినపడదు. నైలానుకు అయస్కాంతంతో సంబంధం లేదు గనక తీగెచుట్టలో విద్యుత్తు పుట్టదు. తీగె మాత్రం కంపిస్తుంది, దగ్గరగా చెవి పెడితే సన్నగా వినిపిస్తుంది.

బాలలారా! ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఒకటున్నది. మీ ఇంట్లో పెద్దవారైన తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి: "మీ చిన్నప్పుడు మీకు ఎంతో ఇష్టమైన పాట ఏది?" అది రాక్ పాట కానక్కరలేదు. నాట్ల పాట కావచ్చు, సినిమా పాట కావచ్చు, భజన కావచ్చు. వారు చెప్పిన పాట వారితో కలిసి వినండి. ఎవరు పాడారు, ఏ సంవత్సరం, ఏయే వాయిద్యాలున్నాయి, తాళానికి ఎన్ని దెబ్బలు అని నోటుపుస్తకంలో రాయండి. తరవాత మీకు నచ్చిన పాట ఒకటి వారికి వినిపించండి. వారు "గోల" అంటే కోపం తెచ్చుకోక, అది ఎట్లా తయారయిందో చెప్పండి. చెప్పటానికి మీకు తెలియకపోతే, తెలుసుకుని చెప్పండి.